ఒంటె పాలు: కొనే ముందు, కాచేటప్పుడు, తాగిన తర్వాత

"మా నాయనకు షుగర్. ఒంటె పాలు తాగిస్తే ఇన్సులిన్ మానేయొచ్చంట, నిజమేనా?"

"కువైట్ నుంచి మా చిన్నాయన ఒంటె పాల పొడి డబ్బా పంపించినాడు. ఎనిమిది నెలల బిడ్డకు కలపొచ్చా?"

"రోడ్డు పక్కన ఒంటెను నిలబెట్టి పాలు పిండి అమ్ముతా ఉంటే కొనుక్కొచ్చినాం. రాత్రి తోడేస్తే తెల్లారినా నీళ్ల మాదిరే ఉండాయి. కల్తీ పాలా?"

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. తొందరలో ఉన్నవాళ్లకు జవాబులు ముందే చెప్పేస్తాను. ఇన్సులిన్ మానకూడదు. ఏడాది నిండని బిడ్డకు ఒంటె పాలు పట్టకూడదు. తోడుకోకపోవడం కల్తీకి గుర్తు కాదు. ఒంటె పాలు గడ్డ పెరుగులా తోడుకున్నాయంటేనే అనుమానపడాలి. ఎందుకో, ఎలా వాడాలో తెలుసుకోవాలంటే మిగతాది చదవండి.

ఈ పాలలో ఏముంది

చాలావరకు ఆవు పాలలో ఉన్నదే. వంద మిల్లీలీటర్లకు ప్రొటీన్ సుమారు 3 గ్రాములు, లాక్టోజ్ అనే పాల చక్కెర నాలుగున్నర గ్రాముల దాకా, కొవ్వు రెండు నుంచి మూడున్నర గ్రాములు. కాల్షియం ఆవు పాలకు దగ్గరగానే ఉంటుంది.

తేడాలు మూడు. చాలామందికి ఎలర్జీ తెప్పించే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ఆవు పాల ప్రొటీన్ ఒంటె పాలలో ఉండదు. పాలు గడ్డ కట్టడానికి పనికొచ్చే కప్పా కేసిన్ అనే ప్రొటీన్ చాలా తక్కువ. కొవ్వు బొట్లు మరీ సన్నం, అందుకే పైకి తేలి మీగడ కట్టవు. రుచి కొంచెం ఉప్పగా ఉంటుంది. అది ఒంటె మేసిన మేతను బట్టి, తాగిన నీళ్లను బట్టి మారుతుంది.

ప్రకటనల్లో విటమిన్ సి, ఐరన్ గురించి పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆవు పాలతో పోలిస్తే రెండూ ఎక్కువన్న మాట నిజమే. కానీ ఆవు పాలలో అవి దాదాపు లేనట్టే. ఏమీ లేనిదానికి ఎన్ని రెట్లు ఎక్కువైతే ఏం లాభం? వంద మిల్లీలీటర్ల ఒంటె పాలలో విటమిన్ సి మూడు, నాలుగు మిల్లీగ్రాములు ఉంటుంది. బండి మీద అమ్మే ఒక జామకాయలో దానికి ఎన్నో రెట్లు దొరుకుతుంది. ఐరన్ కావాలంటే మన రాగి సంగటి ఉండనే ఉంది. కాయా పండూ కనిపించని ఎడారిలో మందల వెంట తిరిగేవాళ్లకు ఈ పాలు ప్రాణాధారం. ఉసిరికాయ, జామకాయ చవగ్గా దొరికే మనం విటమిన్ సి కోసం ఇంత డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

మరి ఎవరికి ఉపయోగం? ఆవు పాలు పడక, డాక్టర్ సలహాతో ఇంకో రకం పాలు వెతుక్కుంటున్నవాళ్లకు. రోజూ తాగే పాలకు బదులుగా ఇవి తాగి చూద్దామనుకునే షుగర్ ఉన్నవాళ్లకు. రుచి చూడాలని సరదా పడేవాళ్లకు. ఇంటి ముందు ఆవు కట్టేసుకుని, పాలు హాయిగా అరిగించుకునే ఇంట్లో వీటి అవసరమే లేదు.

కావలసినవి

- ఒంటె పాలు లేదా పొడి. మొదటిసారి చిన్న ప్యాకెట్టే తీసుకోండి
- పాలు కాచుకోవడానికి మందపాటి అడుగున్న గిన్నె
- గ్రాములు చూపే వంటింటి త్రాసు
- మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు (పిల్లల సిరప్ మూత కూడా పనికొస్తుంది)
- షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, ఒక నోటుబుక్కు
- మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్, పరీక్ష కోసం

1. ఎందుకు తాగుతున్నారో ముందు తేల్చుకోండి

"ఆవు పాలు పడవు" అనే మాట వెనక రెండు వేరు వేరు సమస్యలు ఉంటాయి. పాలు తాగిన గంట, రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనాలు వస్తుంటే అది లాక్టోజ్ పడకపోవడం కావచ్చు. ఒంటె పాలలోనూ లాక్టోజ్ ఉంది. కొందరికి ఇవి కాస్త తేలిగ్గా అరుగుతాయి, కానీ అదే సమస్య మళ్లీ రాదని హామీ లేదు.

ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు వస్తుంటే అది ప్రొటీన్ ఎలర్జీ. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఒంటె పాలు పడినట్టు అధ్యయనాలున్నాయి. చాలామందికి అంటే అందరికీ అని కాదు. ఆవు పాలతో ఇంతకుముందు ఒకసారైనా ఆయాసం వచ్చిన పిల్లలకు మొదటి చెంచా ఇంట్లో పట్టొద్దు. పిల్లల డాక్టర్ దగ్గర, ఆయన ఎదురుగానే పట్టాలి.

ఆటిజం ఉన్న పిల్లల తల్లులకు ఈ పాల గురించి ఫోన్లో తెగ సందేశాలు వస్తున్నాయి. జరిగినవి కొద్దిమంది పిల్లలతో చేసిన చిన్న చిన్న అధ్యయనాలు. పాలు పట్టదలుచుకుంటే పట్టండి. స్పీచ్ థెరపీ ఫీజు మిగిల్చి ఆ డబ్బుతో పొడి డబ్బాలు మాత్రం కొనకండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఏ పాలైనా ఎంత తాగాలన్నది డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే. ఒంటె పాలకూ అంతే.

2. ఏ రూపంలో కొనాలి

ఒంటెల పెంపకం రాజస్థాన్, గుజరాత్ వైపు. గుజరాత్‌లో అమూల్ 2019లో కచ్ ఒంటెల పాలను సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. మన దాకా వచ్చేవి ఎక్కువగా ఆన్‌లైన్ సరుకే: గడ్డకట్టించిన సీసాలు, ఎక్కువకాలం నిలిచే సీసాలు, పొడి. గల్ఫ్ నుంచి చుట్టాలు తెచ్చే డబ్బాలు వీటికి అదనం.

తిరుపతి ఎండల్ని బట్టి చూస్తే పొడి మేలు. మార్చి నుంచి జూన్ దాకా గడ్డకట్టించిన సీసాలు తెప్పించొద్దు. రాజస్థాన్‌లో ఐస్ పెట్టెలో బయల్దేరిన సీసా ఇక్కడ కొరియర్ గోడౌన్‌లో ఒక పగలు ఉంటే చాలు, పని అయిపోయినట్టే.

పొడిలో రెండు రకాలు. స్ప్రే డ్రై అంటే వేడి గాలిలో ఎండబెట్టింది, ఫ్రీజ్ డ్రై అంటే చలిలో గడ్డకట్టించి తేమ లాగేసింది. రెండోది ఖరీదెక్కువ, వేడికి పోయే విటమిన్లు అందులో కాస్త మెరుగ్గా నిలుస్తాయి. దాన్ని మరిగే నీళ్లలో కలిపారంటే ఎక్కువ పెట్టిన డబ్బు ఆవిరైనట్టే.

ఇక రోడ్డు పక్కన పిండి అమ్మేవాళ్లు. మీ కళ్ల ముందు పిండితేనే తీసుకోండి. పిల్ల ఒంటె కాసేపు కుడిచాకే తల్లి చేపుతుంది. అప్పుడు పిండే మనిషి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు మడిచి, తొడ మీద గిన్నె ఆనించుకుని గబగబా పిండుతాడు. చేపు ఎక్కువసేపు ఉండదు. పాలు బాగా నురగ కడతాయి, కాబట్టి నురగ దిగాకే కొలిపించుకోండి. ముందే నింపి పెట్టిన క్యాన్లోంచి పోస్తానంటే వద్దని చెప్పి వచ్చేయండి.

3. లేబుల్ చదవండి

సగం మంది మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద ఒంటె బొమ్మ ఉంటుంది, లోపల మాత్రం సగం చక్కెర. చూడాల్సినవి ఇవి.

పదార్థాల జాబితాలో ఒంటె పాల పొడి ఒక్కటే ఉండాలి. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, ఆవు పాల పొడి, ఫ్లేవర్ అని కనిపిస్తే అది పాల పొడి కాదు, మిక్స్. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి నుంచి తీసే పొడి, అది రక్తంలో షుగర్‌ను చక్కెరంత వేగంగానే పెంచుతుంది. షుగర్ తగ్గుతుందని కొన్న డబ్బాలో అదే ఉంటే ఏమనాలి? ఆవు పాల ఎలర్జీ ఉన్న ఇంట్లో "ఆవు పాల పొడి" అనే మాటను రెండుసార్లు వెతకండి.

తర్వాత పోషకాల పట్టిక. వెన్న తీయని అచ్చమైన పొడిలో వంద గ్రాములకు కార్బోహైడ్రేట్లు 40 గ్రాముల అటూ ఇటూ, ప్రొటీన్ 25 గ్రాముల దగ్గర ఉంటాయి. వెన్న తీసిన పొడిలో కార్బోహైడ్రేట్లు 50 దాటవచ్చు. 60 దాటి, ప్రొటీన్ 15 లోపే ఉంటే అందులో ఇంకేదో కలిసింది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబర్ 14 అంకెలు ఉండాలి. తయారీ తేదీ, గడువు తేదీ స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటించి ఉంటే వెనక్కి పంపేయండి. గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బా మీద అరబ్బీ, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. పదార్థాల జాబితా ఫోన్‌తో ఫోటో తీసి, పెద్దది చేసుకుని చదవండి.

ధర పోల్చేటప్పుడు గ్లాసు లెక్కన చూడండి. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లకు 22 నుంచి 25 గ్రాముల పొడి పడుతుంది. 200 గ్రాముల డబ్బాకు ఎనిమిది గ్లాసులు వస్తాయన్నమాట. డబ్బా ధరను ఎనిమిదితో భాగిస్తే గ్లాసు ఖరీదు తేలుతుంది. ఈ లెక్క చూశాక చాలామంది మనసు మార్చుకుంటారు.

4. ఇంటికి రాగానే

గడ్డకట్టించిన సీసా చేతికి రాయిలా తగలాలి. కరిగి నీళ్లలా ఉంటే, లేదా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు సీసా ఉబ్బి ఉంటే వాడొద్దు. కరిగించాల్సింది ఫ్రిజ్ కింది అరలో, రాత్రంతా. బయట పెట్టి కరిగించొద్దు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకుండా ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి.

5. కాచడం, కలపడం

*పచ్చి పాలైతే:* ఇంటికి తెచ్చిన వెంటనే కాచండి. మన ఎండకు గంట ఆలస్యమైనా తేడానే. మందపాటి గిన్నెలో సన్నని మంట మీద, గరిటె తిప్పుతూ పొంగు రానివ్వండి. పొంగాక రెండు మూడు నిమిషాలు ఉంచి దించండి. గిన్నెను చల్లని నీళ్ల పళ్లెంలో పెట్టి తిప్పితే త్వరగా చల్లారుతుంది. తర్వాత ఫ్రిజ్.

"కాస్తే ఔషధ గుణం పోతుంది, పచ్చివే తాగాలి" అని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. వినొద్దు. కాస్తే విటమిన్ సి కొంత పోతుంది, ప్రొటీన్, కాల్షియం ఎక్కడికీ పోవు. కాచకపోతే బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు రావచ్చు. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, ఎందుకొచ్చాయో ఓ పట్టాన అంతుపట్టదు. గర్భిణులు, ముసలివాళ్లు, పిల్లలు పచ్చి పాల జోలికే వెళ్లకూడదు. గల్ఫ్‌లో ఒంటెల మందల దగ్గర పనిచేసే మనవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2012లో సౌదీలో బయటపడిన మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకు సోకుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పచ్చి ఒంటె పాలు తాగొద్దని చెబుతోంది. ఫోన్ చేసినప్పుడు మీవాళ్లకు ఈ మాట చెప్పండి.

*పొడి అయితే:* డబ్బా మీద కొలత ఉంటే అదే వాడండి. లేకపోతే 24 గ్రాములు తూచుకోండి. నీళ్లు కాచి, వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా చల్లారనివ్వండి. ముందు పావు గ్లాసు నీళ్లు పోసి ఉండలు లేకుండా చెంచాతో మెదపండి. తర్వాత మిగతా నీళ్లు పోసి 200 మిల్లీలీటర్ల గీత దాకా తెచ్చి, ఐదు నిమిషాలు ఆగి ఇంకోసారి కలపండి. పొడి మీద ఒకేసారి మరిగే నీళ్లు పోస్తే ఉండలు కట్టి అడుగున మిగిలిపోతాయి. కలిపిన పాలు బయట పెట్టొద్దు.

*సీసా పాలైతే:* పాశ్చరైజ్ చేసినవైతే మళ్లీ మరిగించక్కర్లేదు. సీసా బాగా కదిపి, తాగేంత వరకు వెచ్చబెడితే చాలు.

6. మొదటి వారం

మొదటి రోజు పావు గ్లాసే, అంటే 50 మిల్లీలీటర్లు. అదీ ఖాళీ కడుపుతో కాదు, టిఫిన్ అయ్యాక. రెండు రోజులు చూసి 100కు, వారం చివరికి 200కు వెళ్లండి. మొదటే పెద్ద గ్లాసు లాగించేస్తే కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. "విషం బయటికి పోతోంది" అని దాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు. అది విషం కాదు, పడకపోవడం. తగ్గించండి, తగ్గకపోతే మానేయండి.

దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే ఇంట్లో మజ్జిగ, వాము అంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

7. షుగర్ ఉన్నవాళ్లు లెక్క రాసుకునే పద్ధతి

రాజస్థాన్‌లోని బికనేర్ వైద్యులు టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవాళ్లకు రోజూ అర లీటరు ఒంటె పాలు ఇచ్చి చూశారు. కొందరికి ఇన్సులిన్ డోసు తగ్గింది. ఆ పరీక్షలోనూ ఇన్సులిన్ ఆపేసి పాలు ఇవ్వలేదు. డోసు తగ్గించింది వైద్యులే, రీడింగులు చూసుకుంటూ. పాల్గొన్నవాళ్లూ కొద్దిమందే. రాజస్థాన్‌లో ఒంటెలు కాచే రైకా అనే సమాజంవాళ్లలో షుగర్ చాలా తక్కువని కూడా ఆ వైద్యులు గమనించారు. రైకాలు పొద్దస్తమానం మందల వెంట నడుస్తారన్న సంగతి ప్రకటనల వాళ్లు చెప్పరు.

మీరు చేయాల్సింది ఇది. మొదటి వారం ఒంటె పాలు మొదలుపెట్టకుండా, ఉదయం పరగడుపున, టిఫిన్ తిన్న రెండు గంటలకు రీడింగులు రాయండి. రెండో వారం నుంచి రోజూ తాగే ఆవు పాలు మాని, వాటికి *బదులుగా* ఒంటె పాలు తాగండి. అదనంగా కాదు. 200 మిల్లీలీటర్లలో తొమ్మిది గ్రాముల దాకా పాల చక్కెర ఉంది, అదీ లెక్కలోకి వస్తుంది. బెల్లం, తేనె వేయొద్దు. మందులు, తిండి, నడక పాత పద్ధతిలోనే ఉండాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పాలు మొదలుపెట్టిన రోజే రాత్రి అన్నం మాని రొట్టెలు తింటారు, పొద్దున్నే కపిలతీర్థం దాకా నడక మొదలుపెడతారు. షుగర్ తగ్గుతుంది. పేరేమో ఒంటెకు పోతుంది. ఏది పనిచేసిందో తెలియాలంటే ఒకసారి ఒక్కటే మార్చాలి.

రీడింగ్ 70 లోపు వస్తే, లేదా చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి తాగి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఒక్క మంచి రీడింగ్ చూసి మాత్ర మానొద్దు. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించి, నోటుబుక్కు డాక్టర్ ముందు పెట్టండి. తేడా లేకపోతే మొహమాటపడకుండా పాలు ఆపేయండి.

8. ఇంట్లో చేసుకునే పరీక్షలు

*తోడు పరీక్ష:* పావు గ్లాసు కాచిన పాలలో తోడు వేసి రాత్రంతా ఉంచండి. అచ్చమైన ఒంటె పాలు పుల్లబడతాయి, కాస్త చిక్కబడతాయి, గిన్నె వంచితే జారిపోతాయి. గరిటెతో కోసుకునేలా తోడుకుంటే ఆవు పాలో గేదె పాలో కలిశాయని గట్టి అనుమానం. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కొద్దిగా కలిపితే దొరక్కపోవచ్చు.

*మీగడ పరీక్ష:* కాచి చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మందంగా మీగడ కడితే అదీ అనుమానమే.

*పిండి పరీక్ష:* చెంచా పాలు, రెండు చెంచాల నీళ్లు కలిపి మరిగించి, పూర్తిగా చల్లారాక రెండు చుక్కల అయోడిన్ వేయండి. నీలం రంగుకు తిరిగితే పిండి కలిసింది. వేడిగా ఉన్నప్పుడు వేస్తే రంగు రాదు, అది గుర్తుంచుకోండి. పరీక్షకు వాడిన పాలు పారబోయాలి.

పనికిరాని పరీక్షలూ ఉన్నాయి. నున్నటి గచ్చు మీద చుక్క జార్చి చూసే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఒంటె పాలు సహజంగానే పల్చన, నీళ్లు కలపకపోయినా జారిపోతాయి. ఊళ్లో పాల కేంద్రానికి తీసుకెళ్లి మిషన్‌లో పెట్టించినా అంతే. దాన్ని ఆవు, గేదె పాలకు సరిచేసి పెట్టుంటారు. ఒంటె పాలకు ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) తక్కువ చూపించిందని అమ్మినవాడితో గొడవకు దిగకండి.

వంటింట్లో

పెరుగు, పన్నీరు ఆశలు వదులుకోండి. తోడేసిన పాలను జీలకర్ర, కరివేపాకు వేసి మజ్జిగలా తాగొచ్చు. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూశాకే. కజకిస్తాన్‌లో పులిసిన ఒంటె పాలను షుబాత్ అని ఇలాగే తాగుతారు. టీ బాగానే కుదురుతుంది, సోమాలియా వైపు అదే అలవాటు. రాగి జావ దించాక ఒంటె పాలు కలిపితే ఆ ఉప్పదనం జావలో కలిసిపోతుంది. రుచి నచ్చని పిల్లలకు ఇదే సులువైన దారి. పాలకోవాకు, పాయసానికి ఇంత ఖరీదైన పాలు వాడటం నాకు నచ్చదు, అది మీ ఇష్టం.

మిగిలిన పొడి

డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాయండి. తడి చెంచా పెట్టొద్దు. పొయ్యి పక్క గట్టు మీద కాకుండా, గాలి చొరబడని డబ్బాలో చల్లని చోట ఉంచండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో డబ్బా మీదే రాసి ఉంటుంది. లేకపోతే నెలలోపు ముగించండి. నవంబర్ వానల్లో పొడి గడ్డకడుతుంది. వేళ్లతో నలిపితే పొడిపొడిగా విడిపోయే ఉండలైతే ఫర్వాలేదు. పసుపు రంగుకు తిరిగినా, పాత నూనె వాసన వచ్చినా పారేయండి, ఎంత పెట్టి కొన్నా సరే.